చాప కింద మనిషి

లోతోఫౌ ఊళ్లో ఆడవాళ్లు చాపలు అల్లుకునే ఇంటికి గోడలుండవు. సముద్రపు గాలికి ఆకులు ఎగిరిపోకుండా ఎవరి అల్లిక మీద వాళ్లు ఒక నల్లరాయి పెట్టుకుని, మఠం వేసుకుని, వంచిన తల ఎత్తకుండా ఊరి మంచీ చెడ్డా మాట్లాడుకుంటారు. ఆ సోమవారం వాళ్లకు కొత్త సంగతి దొరికింది. ముందురోజు చర్చిలో పాస్టరుగారు ఒక ప్రశ్న వేసి, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమన్నాడు. పైకి వెళ్లాక దేవుణ్ణి ఒకే ఒక్క మాట అడగవచ్చు అంటే ఏం అడుగుతారని.

"నేనైతే మా ఆయన సంగతి అడుగుతా," అంది లూపే. "ప్రభువా, ఇంత మంచి మనిషిని చేశావు బాగానే ఉంది, ఆ గురక ఎందుకు పెట్టావయ్యా అని."

"ఊరి పెద్దని పట్టుకుని ఎంత మాటన్నావే!"

"ఊరికి పెద్ద. చీకటి పడితే నా పక్కన పంది."

"మా అత్తకి చెముడు కదా," అంది ఇంకొకామె. "నేను పిలిస్తే వినపడదు. పక్కింట్లో కోడిని కోస్తే మాత్రం ఎలా వినపడుతుందో, అది అడుగుతా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే, ఊరికి కొత్తగా కోడలై వచ్చిన పిల్ల, తెలియక, మూలన కూర్చున్నామె వైపు తిరిగింది. "మాతలేనా అత్తా, మరి మీరో?"

నవ్వులు ఆగిపోయాయి. లూపే గబగబా అందుకుంది. "మా ఆడపడుచుకేం, ఈ ఏడు ఆకు ఇంత పెళుసుగా ఎందుకొచ్చిందని అడుగుతుంది."

మాతలేనా చేతిలో పని ఆపలేదు. "నాది దేవుణ్ణి అడగనక్కర్లేదమ్మా," అంది ఆ పిల్లతో, నెమ్మదిగానే. "జవాబు తెలిసినవాడు ఈ దీవిలోనే ఎక్కడో తిని తిరుగుతున్నాడు."

మాతలేనా ఆ ఊరి ఆడపడుచు. భర్త పోయాక కొడుకుని చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. లూపే భర్త, అన్న ఆతోనియో తన ఇంటి పక్కనే స్థలం చూపించి ఇల్లు వేయించాడు. ఆయన అప్పటికే వంశానికి పెద్ద, తరవాత ఊరికీ పెద్దయ్యాడు. ఊళ్లో ఎవరి మీద గొంతెత్తినా, చెల్లెలి ముందు మాత్రం కిందికి చూసే మాట్లాడేవాడు. సవాయి దీవిలో ఆడతోబుట్టువు మాటకున్న బరువు అది. ఆమె ఎప్పుడూ ఆ బరువు వాడుకోలేదు. ఆమె లోకమంతా రెండే. ఒకటి కొడుకు ఇసిటోలో, రెండోది అల్లిక.

అల్లికలో ఆమెది నిదానమైన చెయ్యి. మొగలి ఆకుని సముద్రపు నీళ్లలో నానేసి, ఎండబెట్టి, పొర తీసి, దారమంత సన్నగా చీల్చి అల్లే పని. పెళ్లిళ్లకూ చావులకూ ఇచ్చిపుచ్చుకునే ఆ మేలిరకం చాప ఒకటి పూర్తి కావాలంటే ఏళ్లు పడుతుంది. పట్టు బట్టలా చేతిలో జారుతుంది. అంచున ఎర్ర ఈకలు కుడతారు. అలాంటి చాప ఒకటి ఇసిటోలో బడికి వెళ్లే రోజుల్లో మొదలుపెట్టింది, వాడి పెళ్లికని. అల్లిక ఎదుగుతుంటే వాడూ ఎదిగాడు. "అమ్మా, నువ్వు ఆ చాప అయ్యేదాకా నాకు పెళ్లి చెయ్యవా ఏంటి? జుట్టు నెరుస్తుందేమో నాకు," అని వేళాకోళమాడేవాడు.

చాప పూర్తయింది. పెళ్లి కాలేదు.

ఆ రోజు ఇసిటోలో కావడి భుజాన వేసుకుని కొండమీది చేమతోటకు వెళ్లాడు. సాయంత్రం పెద్ద వాన పట్టింది. తోట దారిలో వాడి పిన్ని ఇంట్లో తలదాచుకున్నాడులే అనుకుంది మాతలేనా. వాన చప్పుడుకు ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. తెల్లవారి ఊరి బయట మలుపు దగ్గర, నల్లరాళ్ల పక్కన, రోడ్డు వారగా దొరికాడు. బుట్టలోని చేమదుంపలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. ఏదో బండి కొట్టేసి వెళ్లిపోయింది. పోలీసులు వచ్చి చూశారు, ఊరూరా అడిగారు, వెళ్లారు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరుని ఆమె ఒకటే అడిగింది. వెంటనే పోయాడా? అతను తన చెప్పుల వంక చూసుకున్నాడు. "చెప్పలేమమ్మా. కాసేపు ఉండి ఉండవచ్చు," అన్నాడు.

ఆ మాట ఆమె కడుపులోకి దిగి అక్కడే ఉండిపోయింది. కాసేపంటే ఎంత? ఒక ప్రార్థన చెప్పుకునేంతా, అన్నం ఉడికేంతా, లేక రాత్రంతానా? పిలిచాడా? ఎవరిని పిలిచాడు? కొట్టినవాడి మీద మొదట్లో ఉన్న కోపం కొన్నాళ్లకి పలచబడింది. వాడు ఎవరన్నదీ అంత ముఖ్యం కాకుండా పోయింది. వాడు ఎదురైతే అడగాల్సింది ఒక్కటే మిగిలింది. నువ్వు వెళ్లిపోయేటప్పుడు నా బిడ్డ బతికే ఉన్నాడా? ఆ జవాబు ఏదైనా సరే, తెలిస్తే చాలు, దాని పక్కన పడుకుని నిద్రపోగలననుకునేది.

అంత్యక్రియలకు ఊరంతా కదిలింది. అందరికంటే ఎక్కువ చేసినవాడు లఫాయెలే. పొరుగూరి వాడు, ఆ దారిలో తిరిగే చెక్కబస్సు అతనిదే. ఆసుపత్రి నుంచి పెట్టెను తన బస్సులోనే తెచ్చాడు. చావు కబురు తెలిసిన రోజే బస్సు ముందుభాగం అంతా చెక్కతో సహా మార్పించి, తెల్లరంగు వేయించి, పూలు కట్టించాడు. "పరాయివాడు, చూడు, ఎంత మర్యాద చూపించాడో," అని జనం చెప్పుకున్నారు. వచ్చినవాళ్లకు తిరిగి చాపలిచ్చే సమయంలో మాతలేనా లోపలికి వెళ్లి, కొడుకు పెళ్లికి దాచిన చాపను తెచ్చి, తన చేత్తో లఫాయెలే ముందు పరిచింది. అతను తలెత్తలేదు. రెండు చేతులా తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మంచి మనిషి అనుకున్నారు.

ఆ చాప మళ్లీ ఎక్కడా కనపడలేదు. చాపలు ఒకచోట ఉండవు. ఒక పెళ్లిలో వచ్చింది ఇంకో చావుకు పోతుంది, అటునుంచి ఎక్కడికో వెళ్తుంది. అల్లినవాళ్లు ఏ ఊరి వేడుకకు వెళ్లినా తమ చాప కనపడుతుందేమోనని ఓ కన్నేసే ఉంచుతారు. మాతలేనా కూడా చూసేది. కనపడకపోతే ఏ రాజధానికో వెళ్లిందిలే అనుకుంది.

తరవాత ఏళ్ల తరబడి ఆమె సంతకు వెళ్లింది ఆ బస్సులోనే. ఇరుకైనప్పుడు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని, పాటల హోరులో, అతని వీపు వెనకే. తిరిగి వచ్చేటప్పుడు లఫాయెలే బస్సు ఆగేచోట ఆగకుండా ఇంకా ముందుకు తెచ్చి సరిగ్గా ఆమె ఇంటి ముందు నిలిపేవాడు.

"మనల్ని రోడ్డు మీద దింపుతాడు, దీన్ని గుమ్మంలో దింపుతాడు," అని లూపే ఆటపట్టించేది. "పెళ్లాం పోయినవాడు కదా, మనసు పడ్డాడేమోనే."

"నోర్ముయ్యి వదినా. ముసలాయన."

"నువ్వేమన్నా పడుచుదానివా?"

పాస్టరుగారి ప్రశ్న వచ్చిన వారంలోనే, తూర్పు ఇంకా తెల్లబడకముందే లూపే వచ్చి ఆమెను కుదిపి లేపింది.

"మాతలేనా, లే. లేవవే. బయట జనం."

"ఎవరు?"

"ఇఫోగా వచ్చింది. మీ అన్నయ్య ఇంటిముందు కాదు. నీ ఇంటిముందు."

మాతలేనా లేచి కూర్చుంది. ఇఫోగా అంటే తప్పు చేసిన వంశం వాళ్లు వచ్చి, బాధపడ్డవాళ్ల ఇంటిముందు తలవంచుకు కూర్చోవడం. తప్పు చేసినవాడి మీద మేలిచాప కప్పుతారు. ముందర కట్టెలూ రాళ్లూ పెడతారు, మమ్మల్ని పొయ్యిలో పెట్టి కాల్చినా మీ ఇష్టమే అన్నట్టు. ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏదైనా జరగవచ్చు. ఎత్తాక మాత్రం ఆ సంగతి ఇక ఎవరూ నోరెత్తి అడగకూడదు.

పరదా ఎత్తి చూసింది. పచ్చిక మీద ఇరవైమంది దాకా మగవాళ్లు, భుజాల మీద బట్ట లేకుండా, నేలను చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒక ఆకారం చాప కింద. లేత వెలుగులో చాప రంగు తెలియలేదు. వాళ్ల వంశపు ముసలిపెద్ద గొంతు సవరించుకుని, చీకట్లోకి చూస్తూ అన్నాడు.

"ఈ ఇంటి బిడ్డ ఇసిటోలో విషయమై వచ్చాం తల్లీ. మా ఇంటివాడు చేశాడు. మాకు నిన్న సాయంత్రం దాకా తెలియదు. తెలిశాక తినలేదు, పడుకోలేదు. మీ కాళ్ల దగ్గర ఉన్నాం."

మాతలేనా స్తంభాన్ని పట్టుకుంది. ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి తన ఇంటిముందు, పది అడుగుల దూరంలో, చాప కింద ఉన్నాడు.

ఆతోనియో లుంగీ బిగించుకుంటూ పరుగున వచ్చాడు. చెల్లెలి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెల్లీ, నీ మాటే నా మాట. చెప్పు."

"నేను వాణ్ణి ఒక్కటి అడగాలి అన్నయ్యా."

"అడగడం ఉండదమ్మా. చాప కింద ఉన్నవాడు నోరు తెరవడు. అది పద్ధతి. ఎత్తితే అయిపోయినట్టు, ఎత్తకపోతే..." ఆయన ఆగాడు. "ఊరి కుర్రాళ్లు కత్తులు పట్టుకుని వస్తున్నారు. పొద్దెక్కితే నా చేతుల్లో ఉండదు."

"పొద్దెక్కనీ. వాడు చెప్పేదాకా అక్కడే ఉండనీ."

"అలా అనకు."

"నా మాటే నీ మాట అన్నావుగా. చాప ఎత్తకు. మొదట వాడు చెప్పాలి."

ఆతోనియో లేచి బయటికి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికే దారికి అటూ ఇటూ జనం చేరారు. కుర్రాళ్లు రోడ్డు మీద ఆగారు. పుంజులు కూశాయి. నెమ్మదిగా తెల్లవారింది.

ఆ వెలుగులో మాతలేనాకు చాప అంచు కనపడింది. ఎర్ర ఈకలు వరసగా కాకుండా, రెండేసి రెండేసిగా కట్టిన అంచు. ఆ ఊళ్లో అలా కట్టే చేతులు ఆమెవి మాత్రమే.

కాదు, అనుకుంది. కాదు, చాపలు చేతులు మారుతుంటాయి. ఆయన ఎవరికో ఇచ్చి ఉంటాడు. వాళ్లు ఇంకెవరికో. ఎన్ని పెళ్లిళ్లు జరగలేదు. అసలది నాది కానే కాదేమో.

ఆమె ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. మెట్లు దిగింది. అన్నను దాటింది. కట్టెలూ రాళ్లూ దాటి చాప దగ్గర మోకరిల్లింది. కొత్త చాప కనపడితే అల్లికవాళ్లు ఏం చేస్తారో అదే చేసింది. అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, నలిపి చూసి, వెనక్కి తిప్పింది, మొదలుపెట్టిన మూల చూడటానికి. ఆ మూలలో తన అమ్మ నేర్పిన మెలిక ఉంది. ఇసిటోలో పాలపళ్లు ఊడుతున్న రోజుల్లో వేసిన మెలిక.

చాప పట్టులాంటిది కదా. తిప్పగానే జారింది. వంగి ఉన్న నెరిసిన తల మీద నుంచి, భుజాల మీద నుంచి జారి ఆమె ఒళ్లో పడింది.

పచ్చిక మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ముసలిపెద్ద రెండు చేతులూ ఎత్తాడు. "ఎత్తింది! తల్లి స్వయంగా ఎత్తింది! దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ!" రోడ్డు మీద కుర్రాళ్లు కత్తులు దించారు. లూపే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆతోనియో గుమ్మం దగ్గరే కొయ్యలా నిలబడిపోయాడు.

మాతలేనాకి అదేదీ వినపడలేదు. ఎదురుగా లఫాయెలే ముఖం ఉంది. సంతరోజుల్లో బస్సు అద్దంలో చూసే ముఖం. పెట్టెను తెచ్చిన మనిషి. కొత్త తెల్లరంగు, పూలు. ఆ రంగు ఎందుకు వేయించాడో ఇప్పుడు తెలిసింది. తన చేతులతోనే, కొడుకు పెళ్లిచాపని...

ఆమె చాపను ఒళ్లోకి చుట్టుకుంది.

ఎవరో ఆమెను లేపి లోపలికి తెచ్చారు. లఫాయెలేనీ తెచ్చి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. చక్కెర జబ్బుతో అతని కాలు నల్లబడి ఉంది, మర్నాడు కోసేస్తారట. ఆసుపత్రికి వెళ్లేముందు కూతురికి చెప్పేశాడట. ముసలిపెద్ద పొడుగాటి ఉపన్యాసం చేశాడు. ఆతోనియో సమాధానం చెప్పాడు, తడబడుతూ. పంది, సీమపనస, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, ఇరువైపులవాళ్లూ కలిసి తినాలి. కుర్రాళ్లు పొయ్యి రాజేయడానికి పరుగెత్తారు.

"అన్నయ్యా," అంది మాతలేనా. "నేనింకా అడగలేదు."

ఆతోనియో ఆమె చెవి దగ్గరికి వంగాడు. "చాప ఎత్తింది నువ్వే కదా చెల్లీ."

"నేను ఎత్తలేదు. చూశాను."

"ఊరంతా చూసింది ఎత్తడమే. ఇప్పుడు అడిగితే మన మాట పోతుంది. వాళ్ల వంశం ముందు, దేవుడి ముందు."

"పోనీ."

ఆయన చెల్లెలి ముఖం చూశాడు. తరవాత లేచి, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. "పెద్దలందరూ నాతో రండి. పంది సరిగ్గా కాలుతోందో లేదో చూద్దాం. ఈ కుర్రవెధవల్ని నమ్మితే పచ్చిమాంసం తినాలి." పొరుగూరి ముసలిపెద్ద కదలకపోతే చెయ్యి పట్టి లేపాడు. "రండి బావగారూ. ఇంట్లో ఏం జరుగుతుందో మనకు వినపడదు. పొయ్యి దగ్గర చప్పుడెక్కువ."

ముసలాయన ఆయన కళ్లలోకి చూసి, అర్థమై, వెంట నడిచాడు.

ఇద్దరే మిగిలారు. మాతలేనా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్లూ అంత తేలిగ్గా నోట్లో తిరిగిన మాట ఇప్పుడు నాలుక మీదికి రావడానికి బరువైంది.

"నువ్వు వెళ్లిపోయేటప్పుడు," అంది, "వాడు బతికే ఉన్నాడా?"

లఫాయెలే తలెత్తాడు. అతని ముఖంలో భయం కాదు, ఇంకేదో ఉంది. నీళ్లు అడగబోతే ముందు ఖాళీ చెంబు పెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"మాతలేనమ్మా, నేను... నిన్ను అదే అడుగుదామని వచ్చాను."

ఆమెకు అర్థం కాలేదు.

"నేను బస్సు దిగలేదమ్మా. ఏదో తగిలింది. పంది అనుకున్నాను. పందే అయి ఉంటుందని అనుకున్నాను. వెనక దీపం వెలుగులో, అద్దంలో చేమదుంపలు దొర్లడం కనపడింది. పంది బుట్ట మొయ్యదు కదా. అయినా దిగలేదు. కాళ్లు రాలేదు." అతను ఊపిరి తీసుకున్నాడు. "తెల్లారి తెలిసింది. పెట్టె తేవడానికి నేనే ముందుకొచ్చాను. ఆసుపత్రిలో ఎవరైనా అంటారేమో, వెంటనే పోయాడట పాపం అని, ఎవరైనా అంటారేమోనని చెవులొగ్గి విన్నా. ఎవరూ అనలేదు. నువ్వు బస్సెక్కిన ప్రతిసారీ అడగాలనుకునేవాణ్ణి. డాక్టరు నీకు చెప్పే ఉంటాడు కదా. ఏం చెప్పాడమ్మా? వాడు వెంటనే పోయాడా?"

ఇన్నేళ్లూ మాతలేనాను నిలబెట్టింది ఆ ప్రశ్న కాదు. జవాబు ఉన్న మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడన్న నమ్మకం. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, చెయ్యి చాచి, జవాబు కోసం తన వైపు చూస్తున్నాడు. భూమ్మీద ఇక ఎవరి దగ్గరా అది లేదు.

వెంటనే పోయాడు అని చెప్పవచ్చు. రేపు కాలు కోయించుకోబోయే ముసలివాడు. ఒక్క మాటతో అతనికి నిద్ర వస్తుంది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట ఒకసారి తన నోటితో అంటే, రేపటి నుంచి తనే దాన్ని నమ్మడం మొదలుపెడుతుంది. కొడుకు గురించి తనకు మిగిలిన ఒకే నిజం, ఆ తెలియకపోవడం, అది కూడా పోతుంది.

"కాసేపు ఉండి ఉండవచ్చన్నాడు డాక్టరు," అంది. "ఎంతసేపో ఆయనకీ తెలియదు. నాకూ తెలియదు."

లఫాయెలే నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. మనిషి చేసే చప్పుడులా లేదు. స్తంభానికి తల ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమే మళ్లీ అడిగింది. "వాన ఎంతుంది?"

"ఎదురుగా రోడ్డు లేదమ్మా. నీళ్లే."

"గొంతెత్తి అరిస్తే వినపడేదా?"

"నేను పాడుకుంటున్నాను. నా పాట నాకే వినపడలేదు."

"పాడుతున్నావా?"

"అప్పుడు పాడుతూనే ఉన్నానమ్మా."

బయట ఆతోనియో రెండుసార్లు దగ్గాడు. తరవాత పరదా అవతల నుంచి, పొయ్యి దగ్గరివాళ్లకు వినపడేలా, వంట అయింది, అందరూ ఆగి ఉన్నారు అన్నాడు.

మాతలేనా లేచింది. లఫాయెలే లేవబోయి, నల్లకాలు నిలవక, మళ్లీ కూలబడ్డాడు. ఒక చెయ్యి గాల్లో ఆమె వైపు చాచి ఉంది. ఆమె ఆ చెయ్యి అందుకోలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి పిలిచింది.

"ఎవరైనా వచ్చి ఈయన్ని పట్టుకోండి. ఒక్కడూ లేవలేడు."

పచ్చిక మీద ఆకులు పరిచి వడ్డించారు. పద్ధతి ప్రకారం ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఇరువైపుల పెద్దలూ నవ్వడానికి ప్రయత్నించారు, ఎవరో పంది గురించి జోకు కూడా వేశారు. మాతలేనా ముందరి సీమపనస అలాగే ఉంది. లఫాయెలే ముందరిదీ అలాగే ఉంది. లూపే చూసింది, ఆతోనియో చూశాడు, రెండు ఊళ్లవాళ్లూ చూశారు. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు.